పద్నాలుగేళ్ల పిల్లికి కిడ్నీ జబ్బు: ఇంట్లో చూసుకోగలమా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. చిట్టికి పద్నాలుగేళ్లు. కొన్నాళ్లుగా నీళ్లు తెగ తాగుతోంది, బక్కచిక్కిపోయింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) 3.9 వచ్చింది. క్లినిక్‌లో మూడు రోజులు సెలైన్ పెట్టి, "ఇక ఇంట్లోనే చర్మం కింద ఎక్కించుకోండి, కిడ్నీ డైట్ పెట్టండి" అని పంపేశారు. ఆ డైట్‌ని అది మూతి పెట్టి కూడా చూడటం లేదు. మీ అమ్మగారేమో "ఈ వయసులో మూగజీవిని సూదులతో పొడవడం ఎందుకు" అంటున్నారు. ఇంట్లో చూసుకోగలమా, అసలు చూసుకోవడం న్యాయమేనా, సంక్రాంతికి ఊరెళ్లాలంటే ఎలా అన్నవి మీ ప్రశ్నలు.

చూసుకోగలరు. చిట్టిది మూడో దశ కిడ్నీ జబ్బు, ఆ దశల లెక్క కింద చెబుతాను. దానికి రోజువారీ వైద్యం జరగాల్సింది ఇంట్లోనే, ఆస్పత్రిలో కాదు. కాకపోతే మీరు మొదలుపెట్టిన వరస తిరగేయాలి. ముందు తిండి తినేలా చూడండి, అదేదైనా సరే. తర్వాత ఒంట్లో నీరు. తర్వాత బీపీ. కిడ్నీ డైట్ ఆ తర్వాత. డైట్ కోసం పిల్లిని పస్తులుంచడం కంటే చెడ్డ వైద్యం ఇంకోటి లేదు.

నేను విజయవాడలో కుక్కలనూ పిల్లులనూ చూసే పశువైద్యుణ్ని. చదువు అయిపోయిన కొత్తల్లో పిల్లిని ఆస్పత్రికి తెచ్చేవాళ్లే అరుదు. గేదెలు, దూడలు, కోళ్లు, అప్పుడప్పుడూ ఓ కుక్క. పిల్లికి జబ్బు చేస్తే అదే ఎక్కడికో వెళ్లిపోయేది, వాళ్లూ వెతికేవాళ్లు కాదు. ఇప్పుడు ఫ్లాట్లలో పద్దెనిమిదేళ్ల దాకా బతికే పిల్లులున్నాయి. అందుకే ఈ జబ్బూ ఇంతగా కనబడుతోంది.

ముందు ఆ 3.9 సంగతి. కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ బృందం ఐరిస్ లెక్క ప్రకారం పిల్లుల్లో క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 వరకు రెండో దశ, 2.9 నుంచి 5.0 వరకు మూడోది, 5 దాటితే నాలుగోది. ఆ లెక్కన చిట్టిది మూడో దశ. అయితే ఆ లెక్క వేయాల్సింది పిల్లి ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు, నిలకడగా ఉన్నప్పుడు, ఒకటికి రెండుసార్లు చూసి. మీ రక్తం సెలైన్ పెట్టకముందు తీశారా, తర్వాతా? ముందే తీసి ఉంటే అసలు అంకె ఇంతకంటే తక్కువే ఉండొచ్చు. ఇంకో తిరకాసు కూడా ఉంది. క్రియాటినిన్ వచ్చేది కండ నుంచి. కండ కరిగిపోయిన ముసలి పిల్లిలో అంకె ఉన్నదానికంటే మెరుగ్గా కనబడుతుంది. అందుకే ఎస్‌డీఎంఏ అనే ఇంకో పరీక్ష కూడా చేయిస్తాం, దానికి కండతో అంత సంబంధం లేదు.

"ఎన్నాళ్లు బతుకుతుంది" అని మీరు అడగలేదు గానీ అందరి మనసులోనూ ఉండేది అదే. 2008లో అచ్చయిన ఒక పరిశీలనలో మూడో దశలో జబ్బు బయటపడ్డ పిల్లులు మధ్యస్థంగా 778 రోజులు బతికాయి, నాలుగో దశవి 103 రోజులు. అంటే మూడో దశలో సగం పిల్లులు రెండేళ్లు దాటాయి, సగం దాటలేదు. మీది ఏ సగంలో ఉంటుందో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. కానీ "కిడ్నీలు పోయాయి, ఇక లాభం లేదు" అనేవాళ్ల మాట మాత్రం నిజం కాదు. వడపోత చేసే నెఫ్రాన్లలో మూడింట రెండొంతులు పోయేదాకా పిల్లి పైకి ఏమీ చూపించదు. మీకు ఈ నెలలో తెలిసిన జబ్బు దాని ఒంట్లో ఎప్పటి నుంచో ఉంది. మిగిలిన ఆ కాస్త కిడ్నీతో అది ఇన్నాళ్లూ సోఫా ఎక్కి నిద్రపోయింది, బాల్కనీలో పావురాలకు కాపు కాసింది.

ఇక తిండి. పిల్లి తినడం లేదని చెబితే నేను ముందు అడిగేది, ఎలా తినడం లేదు అని. గిన్నె దగ్గరికే రాకపోవడం వేరు. వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుని, ముఖం పక్కకు తిప్పుకుని వెళ్లిపోవడం వేరు. కొన్ని గిన్నె పక్కన నేలను కాలితో గీకుతాయి, మట్టి కప్పుతున్నట్టు. అది అలగడం కాదు, పొగరూ కాదు. దానికి కడుపులో తిప్పుతోంది. రక్తంలో పేరుకున్న విషాల వల్ల వికారం, కొన్నిటికి నోట్లో పుళ్లు. ఈ వికారం తగ్గించకుండా పది రకాల డబ్బాలు మార్చి పెట్టినా డబ్బు దండగ.

వికారానికి మారోపిటెంట్, ఆండాన్‌సెట్రాన్ ఉన్నాయి. ఆకలి పుట్టించడానికి మిర్టజపిన్. ఇది మనుషుల మానసిక వైద్యంలో వాడే మందే, పిల్లికి చాలా చిన్న మోతాదు. కిడ్నీ జబ్బున్న పిల్లికి రోజు విడిచి రోజు సుమారు 1.88 మిల్లీగ్రాములు, అంటే ఏడున్నర మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు. మోతాదు ఎక్కువైతే రాత్రంతా అరుస్తూ ఇల్లంతా తిరుగుతుంది. అంకె చెప్పాను కదా అని మెడికల్ షాపుకి వెళ్లిపోకండి, మీ డాక్టర్ని "ఇది చిట్టికి పనికొస్తుందా" అని అడగడానికి చెప్పాను. మీ ప్రిస్క్రిప్షన్ మీరు రాసినట్టే ఉంటే అందులో వికారం మందు ఒక్కటీ లేదు. రేపు చేయాల్సిన మొదటి పని అది అడగడమే.

వికారం తగ్గాక పెట్టండి. చికెన్ ఉడికించి, ఆ నీళ్లతో సహా మెత్తగా నలిపి, గోరువెచ్చగా. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, మసాలా ఏదీ వద్దు. ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, రక్తం ఇప్పటికే తక్కువగా ఉండే పిల్లికి అది ఇంకా చేటు. ఫ్రిజ్‌లోంచి తీసిన తిండి పెట్టకండి. పిల్లి సగం తినేది ముక్కుతో, చల్లటి తిండికి వాసన రాదు. రెండు పూటలు కాదు, రోజుకు ఐదారు సార్లు రెండేసి చెంచాలు. ఎండాకాలంలో మన దగ్గర తడి తిండి గంటలో పులిసిపోతుంది, మిగిలింది తీసేయండి. పులిసిన వాసన ఒకసారి తగిలిందంటే మళ్లీ ఆ గిన్నె ముఖం చూడదు.

పెరుగన్నం గురించి అడిగేవాళ్లు చాలామంది. మన ఇళ్లలో పిల్లులు పెరుగన్నంతోనే పెరిగాయి, నిజమే. కానీ ఆ పిల్లులు బయట ఎలుకల్నీ తొండల్నీ కూడా తిన్నాయి. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ లాంటి పోషకాలు దానికి మాంసం నుంచే రావాలి. ఇంటిపట్టున ఉండే ముసలి పిల్లికి పెరుగన్నమే ఆధారమైతే కండ ఇంకా కరుగుతుంది. ఏమీ తినని రోజున నాలుగు మెతుకులు నాకితే నాకనివ్వండి, అదే భోజనం చేయకండి. ఎండుచేపలు మాత్రం వద్దు. వాసనకి ఎగబడి తింటాయి, కానీ ఉప్పుకి ఉప్పు, ఎముకలతో ఫాస్ఫరస్‌కి ఫాస్ఫరస్. మటన్ లివర్, ఎముకల పులుసు కూడా ఆ లెక్కే. కోడిగుడ్డులో తెల్లసొనలో ఫాస్ఫరస్ తక్కువ, పచ్చసొనలో ఎక్కువ. ఉడికించిన తెల్లసొన కొంచెం కలిపితే మేలు.

కిడ్నీ డైట్ ఎందుకంటారా? అందులో ఫాస్ఫరస్ తక్కువ, అదే అసలు లాభం. ఫాస్ఫరస్ పేరుకుంటే మిగిలిన కిడ్నీ తొందరగా పాడవుతుంది. మూడో దశలో రక్తంలో అది 5 లోపు ఉండాలి. మీ రిపోర్టులో ఫాస్ఫరస్ ఉందో లేదో చూడండి. రాయల్ కానిన్ రీనల్, హిల్స్ కె/డి లాంటివి మన ఊళ్లలోనూ దొరుకుతున్నాయి. పిల్లి వాంతులతో ఉన్నప్పుడు, క్లినిక్‌లో బోనులో ఉన్నప్పుడు కొత్త డైట్ మొదలుపెడితే ఆ తిండికీ ఆ కష్టానికీ ముడిపడిపోయి, తర్వాత ఎప్పటికీ తినదు. చిట్టి విషయంలో జరిగింది అదే అని నా అనుమానం. ఓ రెండు మూడు వారాలు ఆ డబ్బా కనబడనివ్వకండి. పిల్లి కుదురుకున్నాక, పాత తిండిలో పావు చెంచా కలపండి. నెల పట్టినా పర్లేదు. మొదట పొడి గుళికలకు బదులు తడి రకం ప్రయత్నించండి. ఎప్పటికీ తినకపోతే మామూలు తిండితోనే ఫాస్ఫరస్ బైండర్ వాడుకోవచ్చు. అది తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టేసుకునే పొడి. తిండితో కలిపి ఇస్తేనే పని చేస్తుంది, పరగడుపున ఇస్తే వృథా.

గుంటూరు నుంచి ఒకాయన తన మగపిల్లిని తెచ్చారు. చాలా పద్ధతి మనిషి, రాసిన డైట్ తప్ప గింజ పెట్టలేదు. "ఆకలేస్తే అదే తింటుంది" అని ఐదు రోజులు ఓపిక పట్టారు. కుక్క అయితే తినేదేమో. పిల్లి రెండు మూడు రోజులు గట్టిగా పస్తుంటే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది పాడవుతుంది, లావుగా ఉన్న పిల్లికి ఇంకా త్వరగా. ఆ పిల్లి చెవుల లోపలి చర్మం, చిగుళ్లు పచ్చబడి వచ్చింది. కిడ్నీ జబ్బు దాన్ని అప్పుడే తీసుకెళ్లేది కాదు. కాబట్టి ఒక రోజంతా ఏమీ తినకపోతే ఫోన్ చేయండి, రెండో రోజు దాకా ఆగకండి.

ఇక నీళ్లు. జబ్బు కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు, తాగిన నీళ్లు తాగినట్టే బయటికి పోతాయి. అంచేత అది ఎంత తాగినా ఒంట్లో లోటే. "ఎక్కువ పోస్తోంది కదా" అని రాత్రిపూట నీళ్ల గిన్నె తీసేసేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. వెడల్పాటి గిన్నెలు ఇంట్లో మూడు నాలుగు చోట్ల పెట్టండి, తిండి గిన్నె పక్కన, ఇసుక ట్రే పక్కన వద్దు. కొన్ని పిల్లులు కొళాయి ధార తప్ప తాగవు, అలాంటివాటికి ఫౌంటెన్ కొనండి. కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు సిరంజితో పట్టించమని ఎవరో ఒకరు చెబుతారు. నోట్లో బలవంతంగా పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. దానికంటే చర్మం కింద ఎక్కించడం నయం.

చర్మం కింద ఫ్లూయిడ్. మీకు భయం దీని గురించే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇది నరానికి ఎక్కించడం లాంటిది కాదు. పిల్లి మెడ వెనక, భుజాల మధ్య చర్మం వదులుగా ఉంటుంది, అక్కడ నొప్పి తెలిసేదీ తక్కువే. వాడేది రింగర్ లాక్టేట్, షాపులో ఆర్‌ఎల్ అంటే ఇస్తారు. మన వాడుకలో అన్ని బాటిళ్లనూ గ్లూకోజ్ అనేస్తాం, ఆ అలవాటుతో షాపులో గ్లూకోజ్ అని అడిగారంటే డెక్స్‌ట్రోజ్ చేతిలో పెడతారు. అది చర్మం కింద ఎక్కించేది కాదు. లేబుల్ చదివి తెచ్చుకోండి.

బాటిల్‌ని వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, కొన్ని చుక్కలు మణికట్టు మీద వేసుకుని చూడండి. వెచ్చగా ఉండాలి, కాలకూడదు. చల్లటిది ఎక్కితే పిల్లి ఒణికి లేచిపోతుంది, సగం గొడవలు ఇక్కడే. బాటిల్‌ని కిటికీ ఊచకో కర్టెన్ రాడ్‌కో మీ తల కంటే ఎత్తులో కట్టండి. ఎంత ఎక్కించాలో అక్కడ బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. నాలుగు కిలోల పిల్లికి మామూలుగా ఒకసారికి 100 ఎంఎల్ అటూ ఇటూ. రోజూనా, రోజు మార్చి రోజా, వారానికి రెండా అన్నది మీ డాక్టర్ చెప్పాలి. బాటిల్‌కి తగిలించే గొట్టం సెట్‌లో గాలి పోయేదాకా నాలుగు చుక్కలు బయటికి వదలండి.

పిల్లిని ఒళ్లోనో అట్టపెట్టెలోనో కూర్చోబెట్టి, మీకు ముఖం కాకుండా వీపు ఉండేలా చూసుకోండి. ఎడమచేత్తో చర్మాన్ని గుడారంలా పైకి లేపండి. సూది ఏటవాలు కోత పైకి ఉండేలా, వెన్నుకు సమాంతరంగా, ఆ గుడారం గుమ్మంలోకి ఒకే ఊపున పోనివ్వండి. మెల్లగా పోనిద్దాం అనుకునేవాళ్ల చేతిలోనే పిల్లికి నొప్పి ఎక్కువ. 18 గేజ్ సూది లావుగా కనబడుతుంది గానీ రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. 20 సన్నం, టైము పడుతుంది. చేయి వణికేవాళ్లకు రెక్కలుండే స్కాల్ప్ వెయిన్ సెట్ పట్టుకోవడం సులువు. అవతలి వైపు బొచ్చు తడిస్తే సూది రెండో పక్కకు వచ్చేసినట్టే, తీసి మళ్లీ వేయండి. ధార ఆగితే సూదిని కొంచెం తిప్పితే చాలు. తీసేశాక ఆ చోటును రెండు వేళ్లతో నొక్కి పట్టుకోండి. కొన్ని చుక్కలు, ఒక్కోసారి పిసరంత రక్తం వస్తాయి, ఫర్వాలేదు.

తర్వాత వీపు మీద మూపురంలా ఉబ్బుతుంది. సాయంత్రానికి జారి ముందరి కాలి దగ్గరికి దిగుతుంది. ఇది చూసి కాలు వాచిందని రాత్రి పదకొండుకు ఫోన్ చేసినవాళ్లున్నారు. కొన్ని గంటల్లో ఒంటికి పట్టేస్తుంది. మరుసటి మోతాదు టైముకు కూడా ఆ ఉబ్బు అలాగే ఉంటే మాత్రం ఎక్కించకండి, డాక్టర్‌కి చెప్పండి. సూది ప్రతిసారీ కొత్తది. సెట్ తగిలించిన బాటిల్‌ని నేను వారం దాటనివ్వను, మసక కనబడితే ఆ రోజే పారేయాలి.

ఒక గట్టి హెచ్చరిక. గుండె జబ్బున్న పిల్లికి ఈ ఫ్లూయిడ్ ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లి గాఢ నిద్రలో ఉన్నప్పుడు పక్క డొక్క ఎగిసిపడటం లెక్కపెట్టండి, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 30 లోపు ఉండాలి. ఫ్లూయిడ్ మొదలుపెట్టాక ఆ అంకె పెరుగుతూ పోతే, లేదా నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, ఫ్లూయిడ్ ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఫ్లూయిడ్ అందరికీ అక్కర్లేదు కూడా. బాగా తింటూ, తడి తిండి తింటూ, ఒంట్లో నీరున్న మూడో దశ పిల్లికి నేను రాయను. ఎక్కువైతే అందులోని ఉప్పు వల్ల చేటే. చిట్టి తిండి కుదిరాక మోతాదు తగ్గించొచ్చా అని అడగండి. జీవితాంతం రోజూ పొడవాలని ఎక్కడా లేదు.

బీపీ. దీన్ని మన దగ్గర చాలా క్లినిక్‌లలో చూడరు, యంత్రం ఉండదు. కిడ్నీ జబ్బున్న పిల్లుల్లో బీపీ పెరగడం మామూలు. 160 దాటి నిలకడగా ఉంటే మందు వేస్తాం. ఒకావిడ పిల్లి రాత్రికి రాత్రి గోడలకు గుద్దుకోవడం మొదలుపెట్టింది, కనుపాపలు లైటు వేసినా పెద్దవిగా తెరుచుకునే ఉన్నాయి. బీపీకి కంటి వెనక పొర ఊడిపోయింది. చూపు పెద్దగా తిరిగి రాలేదు. ఆమ్లోడిపిన్ అనే మామూలు బీపీ మాత్రలో చిన్న ముక్క, రోజుకొకసారి, చాలా పిల్లులకు సరిపోతుంది. ఖర్చు రూపాయల్లోనే. దగ్గర్లో ఎక్కడా బీపీ చూడకపోతే వెటర్నరీ కాలేజీ ఆస్పత్రుల్లో అడగండి. మీరు హైదరాబాద్ కాబట్టి రాజేంద్రనగర్ కాలేజీ, నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉన్నాయి. మా వైపు వాళ్లకు గన్నవరం, రాయలసీమ వాళ్లకు తిరుపతి. పిల్లిని బుట్టలోంచి తీసి ఐదు పది నిమిషాలు కుదుటపడ్డాక చూడమనండి, లేకపోతే భయానికే అంకె పెరుగుతుంది.

బీపీతో పాటు చేయించాల్సినవి: ఫాస్ఫరస్, పొటాషియం, రక్తం శాతం, మూత్రంలో ప్రొటీన్, మూత్రం కల్చర్ (ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసే పరీక్ష), ఈ వయసు కాబట్టి థైరాయిడ్. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండి క్రియాటినిన్ పెరిగితే, అది తగ్గించగానే అంకె కిందికి దిగిన పిల్లులున్నాయి. పొటాషియం తగ్గితే పిల్లి మెడ ఎత్తలేదు, గడ్డం ఛాతీకి ఆనించి కింది నుంచి పైకి చూస్తుంది. ఆ వాలకం కనబడితే ఆలస్యం చేయకండి. థైరాయిడ్ ఎక్కువైన పిల్లిలో కిడ్నీ జబ్బు దాగి ఉంటుంది, దానికి మందు వేశాక బయటపడుతుంది. రెండూ ఉన్నప్పుడు రెండిటినీ తూకం చూసుకుంటూ వైద్యం చేయాలి.

మాత్రల విషయం. పొడి మాత్రను గొంతులో వేసి వదిలేయకండి, అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయితే మరీ. వేశాక సిరంజితో బుగ్గ పక్క నుంచి ఐదారు ఎంఎల్ నీళ్లు కొంచెం కొంచెంగా, లేదా ఓ చెంచా తిండి. నాలుగు రకాల ముక్కలుంటే ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి ఒకేసారి మింగిస్తే నాలుగుసార్ల కుస్తీ తప్పుతుంది. ఏవి కలపొచ్చో డాక్టర్ని అడగండి. మందు తిండిలో కలిపేది ఆఖరి ప్రయత్నంగానే, ఉన్న ఒక్క తిండి మీదా అనుమానం పుడితే మొదటికే మోసం.

ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడనివి: పారాసిటమాల్, ఒక్క 500 మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మన నొప్పి మాత్రలేవీ వద్దు. కుక్కల గోమార్ల మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవీ వద్దు. చిట్టికి కీళ్ల నొప్పి ఉండే ఉంటుంది, పన్నెండేళ్లు దాటిన పిల్లుల్లో ఎక్స్‌రే తీస్తే చాలావాటికి కీళ్లు అరిగి కనబడతాయి. దానికి డాక్టర్ చూసి ఇచ్చేవే వాడాలి. మీరు చేయగలిగింది ఇసుక ట్రే అంచు తగ్గించడం. ట్రే బయట పోస్తోందంటే చాలాసార్లు ఆ అంచు దాటలేకే.

మలబద్ధకం కూడా చూసుకోండి. ఒంట్లో నీరు చాలక గట్టిగా, చిన్న చిన్న ఉండలుగా వస్తుంటే, దాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ అనే మందు ఉంది. రెండు రోజులు ఏమీ రాకుండా ముక్కుతుంటే చూపించండి. వాంతి చేసుకున్న పిల్లిని చూసి అందరూ కిడ్నీనే అనుకుంటారు, కొన్నిసార్లు కారణం ఇదే.

రోజూ ఏం చూడాలని అడిగితే, నేను ఒక్క పనే గట్టిగా చెబుతాను: బరువు. పది కిలోల వరకు తూచే వంటింటి డిజిటల్ కాటా కొనండి. దాని మీద ప్లాస్టిక్ టబ్ పెట్టి సున్నా చేసి పిల్లిని కూర్చోబెట్టండి. వారానికొకసారి, ఒకే రోజు, తిండికి ముందు. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి. నాలుగు కిలోల పిల్లి వంద గ్రాములు తగ్గితే కంటికి కనబడదు, కాటాకు కనబడుతుంది. వరసగా రెండు వారాలు తగ్గితే ఫోన్ చేయాలి. పక్కనే తిన్నది, వాంతి, ఫ్లూయిడ్ ఎంత అన్నవి రెండు ముక్కల్లో రాసుకోండి. ఇసుకలో గడ్డలు ఉన్నట్టుండి పెద్దవైనా, తగ్గినా అదీ రాయండి. క్లినిక్‌కి వచ్చి "బాగానే ఉంది సార్" అనేవాళ్ల కంటే ఈ క్యాలెండర్ ఫొటో పంపేవాళ్ల పిల్లికి నేను మెరుగ్గా వైద్యం చేయగలను.

ఇక మీ అమ్మగారి ప్రశ్న. ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. సూది పడే ఆ క్షణం పిల్లికి ఇబ్బందే. కానీ హింసో కాదో ఆ క్షణాన్ని బట్టి తేలదు. ఫ్లూయిడ్ ఎక్కించిన సాయంత్రం చిట్టి ఏం చేస్తోందో ఆవిడనే చూడమనండి. లేచి ఒళ్లు నాక్కుంటోందా, గిన్నె దగ్గరికి వస్తోందా, తన మామూలు చోటుకి వెళ్లి పడుకుంటోందా? భీమవరంలో ఇద్దరు ముసలివాళ్లున్నారు. ఆయన బాటిల్ పట్టుకుంటే ఆవిడ సూది వేస్తుంది, టీవీ సీరియల్ మొదలవగానే పిల్లే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది, అయిపోయాక కాస్త చికెన్ పెడతారని దానికి తెలుసు. మరోపక్క, సూది డబ్బా మూత చప్పుడుకే మంచం కిందికి దూరి, గంటల తరబడి బయటికి రాని పిల్లులూ ఉన్నాయి. అలాంటి ఒకటి రెండిటికి ఫ్లూయిడ్ మాన్పించి, వికారం మందు, నచ్చిన తిండి మాత్రమే ఉంచాను. కొన్ని వారాలు తక్కువ బతికాయేమో. అయినా అదే సరైన పని అని ఇప్పటికీ అంటాను.

ఆపాల్సిన రోజు ఎలా తెలుస్తుందంటే, చిట్టికి ఇష్టమైనవి నాలుగు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఎండలో పడుకోవడం, తలుపు చప్పుడుకి ఎదురు రావడం, అలాంటివి. వాటిలో మూడు మానేసి, మందులన్నీ సరిగ్గా వేస్తున్నా తిండి ముట్టకుండా, నోట్లోంచి మూత్రం వాసన వస్తూ, ఒళ్లు చల్లబడి మూల నక్కుతుంటే అది బతకడం కాదు. అప్పుడు నోట్లో సిరంజితో తిండి కుక్కకండి. మత్తు ఇచ్చి నిద్రలోనే పోనివ్వడం చట్టబద్ధమే, నొప్పి ఉండదు. ముందు నిద్రమత్తు ఇంజెక్షన్, అది పూర్తిగా నిద్రపోయాక నరంలోకి రెండోది. ఇంటికే వచ్చి చేసే డాక్టర్లున్నారు. మనసొప్పక వద్దనుకునే కుటుంబాలూ ఉన్నాయి, నేను వాళ్లను తప్పుపట్టను. అప్పుడైనా వికారానికీ నొప్పికీ మందు ఇప్పించండి, ఏమీ లేకుండా వదిలేయకండి.

సంక్రాంతి సంగతి. చిట్టిని బస్సులోనో రైల్లోనో ఊరికి తీసుకెళ్లకండి. అక్కడి జనం, కుక్కలు, కొత్త ఇల్లు చూసి తిండి మానేస్తుంది. బోర్డింగ్‌లో పెట్టినా అంతే. ఇంట్లోనే ఉంచి, తెలిసినవాళ్లెవరైనా రోజుకు రెండు పూటలు వచ్చేలా చూసుకోండి. వాళ్లను ఇప్పటి నుంచే పిలిచి మీ ముందు రెండు మూడుసార్లు ఫ్లూయిడ్ ఎక్కించనివ్వండి. మందుల కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించండి, మీ డాక్టర్ నంబరుతో సహా. సూది వేసేవాళ్లు దొరక్కపోతే ఆ మూడు రోజులూ ఫ్లూయిడ్ ఆపొచ్చా, వెళ్లే రోజు పొద్దున కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చా అన్నది అప్పటి బరువు, రిపోర్టు చూసి మీ డాక్టర్ చెబుతారు. చాలా పిల్లులకు ఆ మాత్రం విరామం ఇవ్వొచ్చు. తినలేదన్న సంగతి మాత్రం ఆ పూటే మీకు ఫోన్ చేసి చెప్పే మనిషి అయి ఉండాలి.